మిరపకాయల మీద దిగింది నేను

ఆ రోజు విమానం నడిపింది నేను. ఈ ఒక్క మాట చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన గదిలో, నేను చెప్పలేదు. నా పక్కన కూర్చున్న మనిషి దానికి బలయ్యాడు. నేను మింగేసిన ఆ మాట పెట్టిన అన్నమే పదిహేనేళ్ళకు పైగా తిన్నాను. అప్పుడు నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ నా నోరు నొక్కలేదు. తెరిస్తే సరిపోయేది.

క్రిందటేడు గుంటూరులో కొందరు పెద్దలు నాకు శాలువా కప్పారు. పత్తి, మిరప పండే ఈ రేగడి నేలల్లో పుట్టి, ఇంగ్లండు వెళ్ళి, చిన్న జెట్ విమానం నడపడం నేర్చుకుని వచ్చినవాణ్ణని పొగిడారు. ఒక పత్తి వ్యాపారి మాట్లాడడానికి లేచి, సభను నవ్వించాలని ఒక కథ ఎత్తుకున్నాడు. "అప్పట్లో ఈయనకి పోటీగా ఇంకో పైలట్ ఉండేవాడండి, సాయిబు. విమానం బాట వదిలేసి తీసుకెళ్ళి మిరప కళ్ళంలో దించాడు. బేరానికొచ్చాడేమో అనుకున్నారంట రైతులు." సభంతా గొల్లుమంది. వేదిక మీద కూర్చుని నేనూ నవ్వాను. పళ్ళు కనిపించేలా నవ్వాను. ఆ నవ్వు ఫోటోలో కూడా పడింది. ఇంటికి వచ్చి ఆ ఫోటో చూసుకున్నాక ఒళ్ళు మండిపోయింది. ఆ వ్యాపారి మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. ఆ కథను అలా బతకనిచ్చింది నేను.

అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవైల్లో ఆ కథలోని పైలటూ, నేనూ పంటల మీద పురుగుమందు చల్లే విమానాలు నడిపేవాళ్ళం. అతనిది పర్చూరు. తండ్రికి గోతాల వ్యాపారం ఉండేది. మిరపకాయలకీ, పత్తికీ గోతాలు కావలసిన ప్రతి రైతూ వాళ్ళ కొట్టుకి రావలసిందే. మాది నల్లపాడు దగ్గర పత్తి వేసే కుటుంబం. ఇద్దరం యాభైల చివర మద్రాసులో ఫ్లయింగ్ క్లబ్బులో కలిశాం. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు తక్కువ. ఒకరి యాస ఇంకొకరికి వినపడగానే దగ్గరయ్యాం. మొదటి వారంలోనే అతను నన్ను "బావా" అన్నాడు. నేనూ అతన్ని బావా అనే పిలిచాను. ఆ పిలుపు మా రెండిళ్ళ ఆడవాళ్ళ దాకా వెళ్ళింది. మా అమ్మ అతని కోసం గోంగూర పచ్చడి జాడీలో పెట్టి పంపేది. రంజాన్‌కి వాళ్ళింటి నుంచి మా ఇంటికి గిన్నె వచ్చేది. లైసెన్సు నాకంటే ముందు అతనికి వచ్చింది. ఉద్యోగంలోనూ అతనే ముందు చేరి, నాకు కబురు పెట్టి పిలిపించాడు. అంటే నాకు అన్నం పెట్టే దారి చూపించింది కూడా అతనే. ఇది కూడా నేను ఏ సభలోనూ చెప్పలేదు.

మందు విమానం నడపడం అంటే పత్తిచేను మీద రెండు మూరల ఎత్తులో, చేను చివర జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి మీదికి దూసుకుపోవడం. చివర్లో ముక్కు ఎత్తి, ఒక్క తిప్పు తిప్పి మళ్ళీ చేలోకి రావడం. దానికి చెయ్యి మొరటుగా ఉండాలి. మా బావ చెయ్యి మాత్రం మొరటు కాదు. అతని వెనక కూర్చున్నా, పక్కన కూర్చున్నా, విమానం ఎప్పుడు తిరిగిందో తెలిసేది కాదు. ఇది నేను ఇప్పుడు పశ్చాత్తాపంతో కలిపి చెబుతున్న పొగడ్త అనుకోవద్దు. ఆ రోజుల్లోనే నాకు తెలుసు. తెలిసి కుళ్ళుకునేవాణ్ణి.

మద్రాసులో ఉండే మా కంపెనీ యజమానులు ఒక ఏడాది, తమ సొంత ప్రయాణాలకు ఎనిమిది సీట్ల చిన్న జెట్ కొనాలని నిర్ణయించారు. అలాంటి విమానం నడపాలంటే మామూలు లైసెన్సు సరిపోదు. ఆ ఒక్క రకం విమానానికే వేరే శిక్షణ పొంది, పరీక్ష నెగ్గాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ఆ కోర్సు ఇంగ్లండులో. పంపేది ఒక్కరిని. కంపెనీలో అందరికంటే పెద్ద పైలట్ వేసవికి ముందు మద్రాసు నుంచి వచ్చి, మా ఇద్దరినీ చూసి, ఒకరిని ఎంచుకుంటాడని కబురు వచ్చింది. దాంతోపాటు ఆ జెట్ గురించి దిండంత లావు పుస్తకం ఒకటి వచ్చింది.

ఆ పుస్తకం ఒక్కటే. మేం ఇద్దరం. అతను తల్చుకుంటే తన దగ్గరే పెట్టుకోవచ్చు, పెద్దవాడు కాబట్టి మొదట అతని చేతికే ఇచ్చారు. అలా చెయ్యలేదు. "కలిసి చదువుదాం బావా, ఎవడికొస్తే వాడు పోతాడు" అన్నాడు.

గుంటూరు శివార్లలో కంపెనీకి ఒక గిడ్డంగి ఉండేది. ఒకప్పుడు జిన్నింగ్ మిల్లుకి చెందినది. ఎంత ఊడ్చినా మూలల్లో దూది పింజలు దొరికేవి. దాని గోడకి మేము జెట్ కాక్‌పిట్‌ని కాగితంతో కట్టాం. పొగాకు బేళ్ళకి లోపల చుట్టే మందపాటి కాగితం తెచ్చి, గోడ నిండా అంటించి, పుస్తకంలో బొమ్మలు చూసి అసలు సైజులో గీశాం. పెద్ద డయల్స్‌కి టీ గ్లాసు బోర్లించాం. చిన్న వాటికి అర్ధరూపాయి బిళ్ళ. స్విచ్చుల చోట కూల్‌డ్రింకు సీసాల మూతలు కొట్టాం. ముందు రెండు కుర్చీలు వేసుకుని రోజూ సాయంత్రం కూర్చునేవాళ్ళం. ఒకడు ఏదో ఒక ప్రమాదం చెప్పాలి, రెండోవాడు చెయ్యి చాపి సరైన డయల్, సరైన స్విచ్ వరుసగా ముట్టుకోవాలి. ఇంజన్‌కి నిప్పంటుకుంది అంటే ఏది ముందు, ఏది తర్వాత. క్యాబిన్లో గాలి ఒత్తిడి పడిపోయింది అంటే ఏది ముందు, ఏది తర్వాత. ఆ వరుసలు ఎక్కాల్లాగా రాగం పెట్టి వల్లించేవాళ్ళం. మందు డ్రమ్ములు మోసే కూలీలు గుమ్మంలో నిలబడి చూసి నవ్వుకునేవాళ్ళు. ఒకతను, "సారూ, ఇది ఎప్పుడు ఎగురుద్దండీ?" అని అడిగాడు. "గాలొస్తే ఎగురుద్దిలే, గోడ గట్టిగా పట్టుకో" అన్నాడు మా బావ.

మేము అంతవరకు జెట్ లోపల అడుగుపెట్టలేదు. ఎత్తు అంటే మాకు కందిచేను ఎత్తే. ఆ పుస్తకమేమో నలభై వేల అడుగుల ఎత్తున గాలి లేక మనిషికి ఎలా మత్తు వస్తుందో చెప్పేది. మా బావ ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, దాన్ని పొలం భాషలో నాకు చెప్పేవాడు. "జెట్ ఇంజన్ దున్నపోతులాంటిది బావా. అదిలించగానే లేవదు. కాసేపు ఆలోచిస్తది. కాబట్టి దిగేటప్పుడు తేడాగా ఉందనిపిస్తే ముందే ఎత్తెయ్యాలి. నేల దాకా వచ్చి ఎత్తుదామంటే అది లేచేసరికి మనం ఉండం." ఈ పాఠం నాకు నేర్పింది అతను. దీన్ని గుర్తు పెట్టుకోండి అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకే చెప్పుకోవాలి.

చదువుతోపాటు మిగతా సన్నాహాలూ జరిగాయి. ఇద్దరం పాస్‌పోర్టులకు అర్జీ పెట్టాం, మశూచి టీకాలు వేయించుకున్నాం, చెవులు చూపించుకున్నాం. నేను ఇంకో పని చేశాను. ఎంపిక జరగక ముందే, అతనికి చెప్పకుండా, గుంటూరులో ఒక దర్జీ దగ్గర ఉన్ని ఓవర్‌కోటు కుట్టడానికి ఇచ్చాను. ఆ దర్జీ అంత మందం గుడ్డ ఎన్నడూ కుట్టలేదట. కొలతలకు రెండుసార్లు పిలిచాడు. రెండోసారి వెళ్ళేసరికి మా బావ అదే కొట్టు ముందు నిలబడి ఉన్నాడు, ఏదో చొక్కా కోసం వచ్చి. సూదులు గుచ్చిన కోటుతో నన్ను చూశాడు. "చలికి బాగుంటది" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం కాగితం కాక్‌పిట్ ముందు ఎప్పట్లాగే కూర్చున్నాడు. వరుస రెండుసార్లు తప్పింది నేనే.

ఇప్పుడు ఆ విమానం బాట, అంటే మా రన్‌వే సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మేము వాడే బాట ఎప్పుడో యుద్ధకాలంలో వేసి వదిలేసినది. చుట్టూ నల్లరేగడి. ఆ నేల వానకి బంకలా అంటుకుంటుంది, ఎండకి నోరు తెరుస్తుంది. మిరపకాయలు ఆరబెట్టాలంటే నేల చదును చేసి, తడిపి, దిమ్మిస కొట్టి కళ్ళం చెయ్యాలి. అంత కష్టం దేనికి, అంత గట్టి బాట పక్కనే ఉండగా. మేము రాకముందు నుంచీ రైతులు కోతల కాలం రాగానే ఆ బాట మీద కాయలు పోసేవాళ్ళు. మేము వచ్చాక తగువైంది, తర్వాత ఒప్పందమైంది. పడమటి సగం విమానానికి, తూర్పు సగం మిరపకాయలకి. మధ్యలో సున్నం కొట్టిన రాళ్ళ వరుస. ఎప్పుడైనా బాట మొత్తం కావలసి వస్తే ముందురోజు కబురు పెట్టాలి, వాళ్ళు కాయలు పక్కకి లాగుతారు. మా చిన్న విమానాలకి సగం బాట ఎక్కువే. నెమ్మదిగా వచ్చి, కొంగ వాలినట్టు వాలేవాళ్ళం. పైనుంచి చూస్తే సగం తెలుపు, సగం ఎరుపుగా ఉండేది ఆ బాట. లోకంలో ఇంకే పైలట్‌కీ అలాంటి గుర్తు ఉండి ఉండదు.

జెట్ కొంగలా వాలదు. వేగంగా, నిలకడగా వచ్చి చక్రాలను నేలకు ఆనించాలి. పెద్ద పైలట్ వచ్చి చూసినప్పుడు, ఆ పద్ధతి నాకు ముందే అలవాటైనట్టు కనిపించాలని నా ఆశ. కంపెనీకి పరీక్షల కోసం రెండు సీట్ల విమానం ఒకటి ఉండేది. పక్కపక్కన రెండు సీట్లు, రెండింటికీ విమానాన్ని నడిపే స్టిక్కులు. దాన్ని జెట్ వేగంతో కాకపోయినా, దాని మామూలు వేగం కంటే బాగా ఎక్కువతో దించి చూద్దామన్నాను. అతను ఒప్పుకోలేదు. వేగంగా తెస్తే ఈ తేలిక విమానం నేలకి దిగదు, తేలుకుంటూ పోతుంది, దానికి బాట మొత్తం కావాలి అన్నాడు. "కాయలు ఎత్తిందాకా ఆగు బావా, వారంలో గోతాల్లోకి ఎక్కుతాయి" అన్నాడు. గోతాల కొట్టు వాడి కొడుకు, ఏ కాయ ఎప్పుడు గోతాంలోకి ఎక్కుతుందో అతనికి తెలుసు. ముందురోజు కబురు పెట్టే ఓపిక కూడా లేక నేను ఆగనన్నాను. నువ్వు రాకపోతే ఒక్కణ్ణే వెళ్తానన్నాను. ఒక్కణ్ణే పంపలేక వచ్చాడు. నన్ను ఒంటరిగా వదలనందుకే అతని బతుకు అలా అయింది.

కంపెనీ రికార్డుల ప్రకారం ఆ రోజు విమానానికి కమాండర్ అతను, నాకంటే సీనియర్ కనుక. నడిపింది నేను.

మిట్టమధ్యాహ్నం. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు అన్నాలకి లేచి వెళ్ళారు కాబట్టి ఈ రోజు నేను ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను, లేకపోతే జైల్లో కూర్చుని రాయాల్సి వచ్చేది. తూర్పుగాలికి ఎదురుగా, పడమటి కొస నుంచి వచ్చాను. వేగం ఎక్కువ. చక్రాలు నేలకి ఆనకుండా విమానం తేలుతూ పోతోంది. ఎత్తెయ్యమన్నాడు మా బావ. నేను ఎత్తలేదు. ఇంకాస్తలో ఆనుతుంది అనుకున్నాను. సున్నం రాళ్ళు ముక్కు కిందకి వస్తున్నాయి. "వదులు బావా, నాకివ్వు" అన్నాడు. అతని స్టిక్కు మీద అతని చెయ్యి పడింది, నా చేతికి తెలిసింది. నేను వదల్లేదు. పైగా బిగించాను. నేల దగ్గర రెండు చేతులు కొట్లాడుకోవడం ఒక తప్పు చేతికంటే ప్రమాదం. అది అతనికి తెలుసు. అందుకని అతను తన చెయ్యి తీసేశాడు.

చక్రాలు మిరపకాయల మధ్య ఆనాయి. కుప్పలు చీల్చుకుంటూ పోయాం. ప్రొపెల్లర్ గాలికి కాయలు, గింజలు, దుమ్ము లేచి అద్దాలు ఎర్రబడిపోయాయి. తర్వాత ముక్కు నేలకు గుద్దుకుని ప్రొపెల్లర్ వంగింది. ఆగిపోయాం. తలుపు తీసేసరికి ఆ ఘాటుకి ఊపిరి అందలేదు. ఇద్దరం కాయల్లో మోకాళ్ళ మీద కూలబడి దగ్గాం. కళ్ళు తెరవలేకపోయాం.

అన్నానికి వెళ్ళకుండా కుప్ప పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ తప్పించుకుని పక్కకి ఉరికిందట. ఆమె కేకలకి అందరూ పరుగెత్తుకొచ్చారు. "ఏందయ్యా, అంత ఆకాశం సాల్లేదా మీకు? మా కాయలే కావాల్సొచ్చినయ్యా?" అని ఆమె అరుస్తోంది. రైతులు చుట్టూ మూగారు. ఏడాది పంట, గులకరాళ్ళు, ఇంజన్ ఆయిలు కలిసి నేల మీద ముద్దయి ఉంది. ఎవడ్రా తోలింది అని ఒకడు అడిగాడు. నేను ఇంకా దగ్గుతూనే ఉన్నాను. కావలసినదానికంటే ఎక్కువసేపు దగ్గాను. మా బావ కళ్ళు తుడుచుకుంటూ లేచి, ముసలమ్మ ముందుకు వెళ్ళి చేతులు జోడించాడు. "తప్పైపోయింది పెద్దమ్మా. నీకేం తగల్లేదు గదా?" అన్నాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ఆ ఒక్క దృశ్యమే మిగిలింది. దణ్ణం పెట్టినవాడే దోషి. మంచితనంగా ముందుకు వచ్చిన మనిషిని పట్టుకుని కథ అల్లుకున్నారు. వెనక నిలబడి దగ్గినవాణ్ణి ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

తర్వాతి వారం మద్రాసు నుంచి మేనేజరు వచ్చాడు. గిడ్డంగిలో, మా కాగితం కాక్‌పిట్ పక్కనున్న గదిలో మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఏం జరిగిందని అడిగాడు. మా బావ, "కమాండర్ని నేనండి. బాధ్యత నాది" అన్నాడు. అని ఆగాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ వినపడుతుంది. బాధ్యత అతనిది, చెయ్యి నాది. మొదటి సగం అతను చెప్పాడు. రెండో సగం నేను చెప్పాలని నా వైపు చూశాడు. మేనేజరు కూడా చూశాడు.

"అంతా చాలా తొందరగా జరిగిపోయిందండి" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే అది అబద్ధం కంటే నీచమైన మాట. అబద్ధం ఆడితే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడేవాణ్ణి. ఈ మాటతో ఎవరికీ పట్టుబడలేదు. మేనేజరు మొహంలో బరువు దిగిపోయింది. ఆయనకు కావలసిన జవాబు అదే. మా బావను బయటికి పంపి, నాతో గొంతు తగ్గించి, "వాళ్ళ మనుషులకి దూకుడు ఎక్కువ అని మొదటి నుంచీ నా అనుమానం" అన్నాడు. కొంగ కంటే నెమ్మదిగా దిగే మనిషికి దూకుడట. వాళ్ళ మనుషులట. మద్రాసులో నా యాసకి, నా ఆకలికి తోడుగా నిలబడ్డవాడు ఒక్క నిమిషంలో "వాళ్ళ మనిషి" అయిపోయాడు. అప్పుడు నేను ఆ బల్ల తన్ని లేవాలి. లేవలేదు. తల ఊపానో లేదో గుర్తులేదు. ఊపే ఉంటాను. ఆ మేనేజరు ఎంత చెడ్డవాడైనా, అతని చెడ్డతనానికి పని కల్పించింది నా మౌనం. నేను నోరు తెరిచి ఉంటే ఆ మాట అతని కడుపులోనే కుళ్ళి ఉండేది.

బయట మా బావ సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"కోటు కుట్టడం అయిందా బావా?" అన్నాడు.

ఆ తర్వాత అతను నన్ను బావా అనలేదు. అసలు పలకరించలేదు.

పెద్ద పైలట్ వచ్చాడు. చూడటానికి నేనొక్కణ్ణే ఉన్నాను కనుక నన్నే చూశాడు. మా బావను విమానం ఎక్కనివ్వకుండా, జెండాలు పట్టే మనుషుల మీద అజమాయిషీకి వేశారు. కొన్నాళ్ళకి మానేసి పర్చూరు వెళ్ళిపోయాడు. అంత చెయ్యి ఉన్న మనిషి మళ్ళీ విమానం నడపలేదు. నేను ఉన్నికోటు వేసుకుని ఇంగ్లండు వెళ్ళాను. కాగితం మీద అతనితో వల్లించిన వరుసలన్నీ అక్కడ నిజం స్విచ్చులయ్యాయి. చెయ్యి చాపితే ప్రతిదీ ఉండాల్సిన చోటే ఉంది. మంచి తయారీతో వచ్చావని అక్కడి శిక్షకుడు మెచ్చుకున్నాడు. ఎవరు తయారు చేశారని అడిగాడు. నేనే చదువుకున్నానన్నాను. చూశారా, సముద్రం దాటినా ఆ అలవాటు పోలేదు.

తిరిగి వచ్చాక ఏళ్ళ తరబడి ఆ జెట్ నడిపాను, పేరు వచ్చింది. ఈలోగా మిరప కళ్ళం కథ పొదిలి మెట్టల దాకా పాకింది. పొగాకు కొనేవాళ్ళు చెప్పుకున్నారు, బస్సుల్లో చెప్పుకున్నారు. ఒకసారి నా ముందే చెప్పారు, అతను నాకు తెలుసా అని కూడా అడిగారు. తెలుసు, మంచివాడే అన్నాను. "మంచివాడే." ఆ ఏకారం మీద నాకు ఇప్పుడు ఎంత అసహ్యమో చెప్పలేను. దానితో అతనికి ఇంకో మేకు కొట్టాను.

సన్మానం జరిగిన కొన్నాళ్ళకి పర్చూరు వెళ్ళాను. తోడు వచ్చిన మిత్రుడు దారిలో నాకు నచ్చజెప్పాడు. ఎప్పుడో జరిగిపోయిన సంగతి, ఇప్పుడు తిరగదోడి ఎవరికి లాభం, ఆయన కూడా మరిచిపోయి ఉంటాడు అన్నాడు. బస్టాండులోనే అతన్ని వెనక్కి పంపించాను. మరిచిపోవడం తేలికైన వాళ్ళే ఇలాంటి సలహాలు ఇస్తారు.

గోతాల కొట్టు అలాగే ఉంది. వెనక ఇల్లు, మధ్య గుమ్మానికి తెర. అతని గడ్డం నెరిసింది. దబ్బనంతో చిరిగిన గోతాం కుడుతున్నాడు. బేళ్ళ మీద నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి దబ్బనం ఆపాడు. కూర్చోమనలేదు. నేను దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా, ఆ రోజు సంగతి చెప్పడానికి వచ్చానన్నాను. పక్కకి రమ్మని కూడా అడిగాను.

అతను కదల్లేదు. "నాకు చెప్పేదేంది? నేను విమానంలోనే ఉన్నాగా" అన్నాడు, అందరికీ వినపడేలా.

రైతులు నవ్వారు. వాళ్ళకి మిరపకాయల పైలట్ కథ తెలుసు. అతని మొహం ఎర్రబడింది.

"చూశావా. ఇదిగో, రోజూ ఈ నవ్వే. నా పిల్లలు బళ్ళో ఈ నవ్వు విన్నారు. మా ఇంటావిడ పుట్టింటికి పోతే అక్కడా ఇదే. ఆవిడక్కూడా నిజం తెలవదు."

ఆమెకు కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకూడని ప్రశ్న. దబ్బనం నేలకేసి కొట్టాడు.

"ఏమని చెప్పను? తప్పించుకోడానికి పక్కోడి మీద తోశాడంటారు. అది నేను చెప్పే మాట కాదురా. నువ్వు చెప్పే మాట. ఇన్నేళ్ళు ఆ మాట కోసం చూశా. ఇప్పుడొచ్చి చెవిలో చెప్తానంటావా? నా చెవికెందుకు? తెలవనోళ్ళకి చెప్పు. లేకపోతే వచ్చిన బస్సే ఎక్కు."

తెర వెనక గాజుల చప్పుడు ఆగింది. రైతులు నవ్వు మానేసి నన్ను చూస్తున్నారు. బేళ్ళ మధ్య నిలబడి, తెర దాకా వినపడాలని, పొలంలో అరిచినట్టు అరిచాను.

"అయ్యా, ఆ రోజు మిరపకాయల మీద విమానం దించింది ఈయన కాదు. నేను. ఎత్తెయ్యమని ఈయన చెప్పాడు, వినలేదు. తన చేతికి ఇమ్మన్నాడు, ఇవ్వలేదు. మేనేజరు అడిగితే నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంగ్లండుకి వెళ్ళాల్సింది ఈయన. ఆ చదువు నాకు నేర్పింది ఈయన. ఈయన సీట్లో కూర్చుని నేను వెళ్ళాను. మొన్న గుంటూరులో ఈయన్ని ఎగతాళి చేస్తుంటే నేనూ నవ్వాను. అమ్మా, మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. బావా, నీ విమానం నీకు ఇవ్వలేను. నీ పేరు మీద నేను వేసిన మచ్చ నాదని ఇక్కడా చెప్తున్నాను, గుంటూరులోనూ చెప్తాను. నన్ను క్షమించు."